తట్టెడు మన్ను

“నిచ్చెన పెట్టున్రి!” అని కాశయ్య ఇంటి కప్పు మీది నుంచి మూడోసారి అరిచాడు.

పెట్టడానికి నిచ్చెన లేదు. ఆయన పైకి ఎక్కుతున్నప్పుడే దాని మెట్లు నాలుగు వరసగా విరిగాయి. ఆ విరిగిన మెట్లు చేత్తో పట్టుకుని భార్య ఉప్పలమ్మ వాకిట్లో నిలబడి ఉంది. ఆమె మొగుడి వైపు చూడడం లేదు. తడిక అవతల ఆగిపోయిన ఇర్మా వైపు చూస్తోంది.

ఇర్మా ఆ అడవి ఊరి పెర్మ. ఊరి దేవత తల్లి గద్దె దగ్గర పూజ చేసేదీ, విత్తనాల పండగ పండుం ఏ రోజు కట్టాలో ఏ రోజు విప్పాలో చెప్పేదీ ఆయనే. ముప్పై ఏళ్లుగా ఈ తెలుగువాళ్ల ఇంటికి పక్కింటి మనిషి. రోజుకు రెండుసార్లు తడిక తోసుకుని వచ్చి, ఎవరూ రమ్మనకుండానే అరుగు మీద కూర్చునేవాడు. ఈవాళ బయటే నిలబడ్డాడు.

“లోపటికి రా ఇర్మా. చుట్ట కాల్చుకుందువు,” అంది ఉప్పలమ్మ.

“రాను అక్కా.”

“మంచినీళ్లన్న తాగు.”

“తాగను.”

“ఎవరాడ? ఇర్మానా?” కాశయ్య కప్పు మీది నుంచి కేకేశాడు. “మీ ఇంట్ల నిచ్చెన ఉన్నదా బావా?”

ఇర్మా తల ఎత్తి చూశాడు.

ఈ ఇంట్లో వారం రోజులుగా ఏదీ ఒంటరిగా చెడడం లేదు. రోహిణి కార్తె చివర వచ్చిన గాలిదుమారానికి కదిలినవి రెండే గూన పెంకులు. ఆ రెండూ సర్దడానికి ఎక్కి కాశయ్య పదకొండు పగలగొట్టాడు. ఆ పదకొండూ మార్చడానికి మళ్లీ ఎక్కితే చెదలు తిన్న వాసం విరిగి వంటింట్లో పొయ్యి మీద పడింది. పొయ్యి ముక్కలైంది. పక్కనే ఉన్న గంజికుండా పోయింది. కొత్త వాసం కోసం కొడుకు సీతారాములు భోపాల్‌పట్నం వెళ్లాడు. జంగల్ దరోగా చిట్టీ లేకుండా టేకు చెట్టు మీద గొడ్డలి పెడితే జైల్లో వేసే రోజులవి. దరోగా క్యాంపుకు పోయాడన్నారు. సీతారాములు మూడో రోజు వట్టి చేతులతో తిరిగొచ్చి మంచం మీద దబ్బున కూర్చుంటే నులక తెగింది. కాశయ్య వీటిలో దేనికీ దిగులు పడలేదు. బాగుచేయడమంటే ఆయనకు మహా ఇష్టం, ఏదో ఒకటి చెడితేనే ఆ ఇష్టం తీరుతుంది.

“పొయ్యి కొత్తది వేసిన్రా?” అని ఇర్మా అడిగాడు.

వంటింటి గుమ్మంలోంచి కోడలు దుర్గమ్మ బయటికొచ్చింది. ఆమె మోచేతుల దాకా మట్టి ఇంకా తడిగానే ఉంది.

“వేసిన మామా. ఇయ్యాల్నే. ఇంకా ఆరలే,” అంది. పొయ్యి చక్కగా కుదిరిందన్న సంతోషం ఆమె గొంతులో ఉంది.

“మన్ను ఏడిది బిడ్డా?”

అప్పుడు గానీ దుర్గమ్మకు ఆ మనిషి లోపలికి ఎందుకు రాలేదో తట్టలేదు.

ఐదు రోజుల కింద కోట్వార్ ఊరంతా తిరిగి చాటింపు వేశాడు. పండుం కట్టారు, విప్పే దాకా నేలకు ఇనుము తగలొద్దని. అరక కట్టకూడదు. గునపం దించకూడదు. మగవాళ్లు అడవికి పోయి వేట తేవాలి. అన్ని ఇళ్ల విత్తనాలూ తల్లి గద్దె దగ్గర ఒకే గంపలో కలపాలి. కలిపిన గింజలు తలా కొంత తీసుకుపోయి చల్లుకోవాలి. ఆ గంపలో కలవని గింజ ఆ ఊరి నేల మీద పడదు.

“గద్దె దారిల పుట్ట పక్కన గుంత పడ్డది,” అన్నాడు ఇర్మా. “తట్టెడు మన్ను పోయింది. అడుగులు మీ కొట్టం దాకా ఉన్నయ్. నిన్న వేటకు పోయినోళ్లు వట్టి చేతులతోటి వచ్చిన్రు. పొజ్జా కాలు విరగ్గొట్టుకున్నడు. ఎందుకైతున్నది గిట్లని చూస్తే గుంత కనపడ్డది. వేట పడంది నేను పండుం విప్పలేను. వాన జూస్తే నెత్తి మీదికొచ్చింది.”

“నేను తవ్వలే మామా,” అంది దుర్గమ్మ. “పొద్దుగాల పేడ తియ్యపోతే కొట్టంల తట్ట ఉండె. మన్ను నానేసే ఉండె.”

“ఇర్మా!” కప్పు మీద కాశయ్యకు విషయం సగం అర్థమైంది. “పిల్ల కొత్తది. వచ్చి ఎనిమిది నెలలే ఆయె. తెలవక చేసుంటది. మాఫీ చెయ్!”

“మాఫీ నా చేతుల లేదు బావా.”

“మరెట్ల?”

ఇర్మా తడిక మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాడు. “తవ్వినోళ్లు రేపు పొద్దుగాల గద్దె కాడికొచ్చి నేనే అని చెప్పాలె. తీసిన మన్ను తీసిన చోటనే పొయ్యాలె. ఒక కోడిపెట్ట ఇయ్యాలె. ఆ మనిషి ఈ ఏడంతా గింజ ముట్టొద్దు. గంతే. ఎవరూ ఒప్పుకోకపోతే మీ ఇంటి గింజలు గంపల కలవవు.” ఉప్పలమ్మ వైపు చూసి అన్నాడు. “ఒకరు చేసింది ఇంకొకరి మీద పెట్టొద్దు అక్కా. తల్లి ముంగట అబద్ధం చెప్తే మీ గింజలే గాదు, గంపల ఉన్న ఊరి గింజలన్ని పాడైతయ్. నీకు తెల్వనిది కాదు.”

ఉప్పలమ్మ తల ఊపింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకుండా ఊరుకోవడం ఆ ఇంట్లో అరుదు.

ఇర్మా వెళ్లిపోయాడు. కాసేపటికి తన ఇంటి నిచ్చెన మోసుకొచ్చి, తడిక మీదుగా సీతారాములుకు అందించి, లోపలికి అడుగు పెట్టకుండానే మళ్లీ వెళ్లాడు.

*

కిందికి దిగగానే కాశయ్య ఆ నిచ్చెనను నాలుగు పక్కలా తిప్పి చూసి, పనితనం బాగుందని మెచ్చుకున్నాడు. తర్వాత కోడలిని పిలిచాడు.

“దుర్గమ్మా, నువ్వేం భయపడకు బిడ్డా. మీ వెంకటాపురం దిక్కు ఈ పండుం కట్టుడు, విప్పుడు ఉండదు గద. తెలవక తవ్విన అను. ఒక కోడిపెట్ట పోతది. పోనీ.”

“నేను తవ్వలే మామా.”

“తవ్వినవని నేనంటలేను. తవ్విన అని అను అంటున్న.”

సీతారాములు మంచం కింద దూరి తెగిన నులకకు ముడి వేస్తున్నాడు. అక్కడి నుంచే అన్నాడు. “అబద్ధం చెప్తే ఊరి గింజలన్ని పాడైతయని గిప్పుడే గద చెప్పి పోయిండు.”

“అబద్ధమెట్లైతదిరా? నేను తవ్వలే. నువ్వు ఊళ్లె లెవ్వు. ఇగ మీ అమ్మ...” కాశయ్యకు నవ్వొచ్చింది. “మీ అమ్మ తవ్వుతదా? పండుం కట్టినంక పిల్లలు పుల్లతోటి నేల గీకితే వీపు మీద ఒక్కటేసేది ఆమెనే. మరి మిగిలింది ఎవరు?”

ఉప్పలమ్మ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఒకే చేటెడు బియ్యాన్ని మూడోసారి ఏరుతోంది.

“తట్ట నువ్వే తెచ్చినవనుకున్న మామా,” అంది దుర్గమ్మ. “పొయ్యి లేక మూడొద్దులాయె. వాకిట్ల రాళ్ల మీద వండుతుంటే పొగకు కండ్లు పోతున్నయ్. మన్ను కనపడ్డది, పొయ్యి వేసిన. అడగకపోవుడు నా తప్పు. గదొక్కటే.”

“చాటింపు ఇన్నవ్ గద?” అన్నాడు సీతారాములు.

“ఇన్న. అందుకనే తవ్వలే.”

సీతారాములు ముడి గట్టిగా లాగాడు. నులక ఇంకో చోట తెగింది. ఆ చిరాకంతా మాటలోకి వచ్చింది.

“సరే, నువ్వు తవ్వలే. అయినా ఒప్పుకో. మనింటి గింజలు బయటపడ్తయ్. ఒక్క ఏడాదే గద.”

“ఒక్క ఏడాదేనా?” అంది దుర్గమ్మ.

కొట్టం వెనక రాళ్లగుట్టగా పడి ఉన్న పెరటి నేల చెక్క ఒకటుంది. పెళ్లై వచ్చిన కొత్తలో దాన్ని చూసి, నేను బాగుచేసుకుంటానని దుర్గమ్మ అడిగితే కాశయ్య సరేనన్నాడు. రెండు నెలలుగా పొద్దున పనయ్యాక ఒక గంట, పొద్దు గూకే ముందు ఒక గంట ఆమె ఒక్కతే రాళ్లు ఏరింది. తల్లి కట్టిచ్చిన తెల్లజొన్నలు, అనుములు, చిక్కుడు గింజలు బూడిద కలిపి దాచుకుంది. ఆ ఇంట్లో ప్రతి వస్తువూ ఆమె రాకముందే ఎవరిదో అయి ఉంది. ఆ చెక్క ఒక్కటే ఆమెది కాబోతోంది. ఈ సంగతి కాశయ్యకు గానీ సీతారాములుకు గానీ తెలియక కాదు. ఆ సమయానికి గుర్తు రాలేదు, అంతే.

“ఓ, నీ చెక్కనా!” అన్నాడు కాశయ్య. “దానికేంది? గింజలు మావోడు జల్లుతడు.”

“ఆయన జల్లితే అది ఆయన చెక్క అయితది మామా.”

“అట్లంటే మనింట్ల ఎవరిదని ఏంది, అంతా ఒక్కటే గద,” అని కాశయ్య ఏదో సర్దబోయాడు. దుర్గమ్మ వినలేదు. వంటింట్లోకి పోయి తలుపు వేసింది. కాస్త గట్టిగానే వేసింది. పై కీలు ఊడి తలుపు ఒక పక్కకు ఒరిగిపోయింది.

కాశయ్య సుత్తి కోసం లేచాడు.

“దాన్ని ముట్టుకున్నవంటే చూడు,” అంది ఉప్పలమ్మ. ఇర్మా వెళ్లినప్పటి నుంచి ఆమె అన్న మొదటి మాట అదే.

*

ఆ మధ్యాహ్నం జోగే జావ పంపలేదు.

జోగే ఇర్మా భార్య. పొయ్యి కూలిన రోజు నుంచి పూటకో ముంతెడు జావ తడిక మీదుగా అందిస్తూ వచ్చింది. ఆ ముంతలు రెండు ఉప్పలమ్మ దగ్గరే ఉన్నాయి. వాటిని బూడిదతో తళతళలాడేలా తోమి, పట్టుకుని తడిక దగ్గరికి వెళ్లింది.

“నీ ముంతలు జోగే.”

“ఉండనీ వదినా. రేపు గద్దె కాడ పని అయినంక తీసుకుంట.”

ఇంట్లో తప్పు ఉన్నప్పుడు వాళ్ల చేతి నుంచి ఏదీ అందుకోకూడదు. ఉప్పలమ్మకు అది తెలుసు. ముంతలు తన తడిక కిందే పెట్టింది.

“నీ కోడలు చేసిన పని కాదనిపిస్తది నాకు,” అంది జోగే.

“ఎందుకట్ల?”

“ఆ పిల్ల పెరట్ల రాళ్లు తీస్తుంటే రెండు నెలల సంది చూస్తున్న. ఇంక ఒక్క మూల మిగిలె. పండుం కట్టిన్రని కోట్వార్ కేకేసిండు చూడు, చేతిల గునపం ఆడనే ఇడిసిపెట్టి లేచి పోయింది. ఐదొద్దులాయె, ఆ దిక్కు తొంగి చూడలే. గట్లాంటిది గద్దె దారిల తవ్వుతదా?”

“మరెవరంటవ్?”

“మా అన్నేమో.” జోగే కప్పు వైపు కళ్లతో చూపించింది. “ఏదన్న బాగు చెయ్యాల్ననుకుంటే ఆయనకు చాటింపులు ఇనపడతయా?”

ఉప్పలమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది.

“ఏమో,” అంది.

“రేపు తొందరగ రా వదినా. గంప కాడ నువ్వు లేంది నాకు చెయ్యి ఆడదు,” అని జోగే లోపలికి వెళ్లింది. ముంతలు తడిక కిందే ఉన్నాయి.

*

దీపాలు పెట్టే వేళకు మబ్బు మరీ కిందికి దిగింది. వానకు తడవకుండా వంట రాళ్లను దుర్గమ్మ లోపలికి మార్చింది. కొత్త పొయ్యిని మాత్రం ముట్టలేదు. జావ కలపడానికి పెద్ద తెడ్డు కోసం చూస్తే అది ఎప్పుడూ ఉండే చోట లేదు. వెతగ్గా వెతగ్గా వడ్ల గుమ్మి వెనక దొరికింది.

తెడ్డు అంచు చీలి ఉంది. చీలికలో ఎర్రమట్టి గట్టిపడి ఉంది. ఇంటి చుట్టూ ఉన్నది నల్లమట్టి. ఎర్రమట్టి ఉన్నది గద్దె దారిలో, పుట్ట దగ్గరే.

దుర్గమ్మ దాన్ని చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. ఒరిగిన తలుపును పక్కకు నెట్టి ఉప్పలమ్మ లోపలికి వచ్చింది.

“అత్తా, తెడ్డు సరిగ కడుగలే.”

ఉప్పలమ్మ తెడ్డు అందుకుని కొంగుతో తుడిచింది. ఒకసారి తుడిచి, మళ్లీ తుడిచింది. చీలికలో మట్టి రాలేదు.

“ఇనుము కాదు గద,” అంది చివరికి.

దుర్గమ్మ ఆ చీలిక వైపే చూస్తోంది.

“కోట్వార్ ఏమన్నడు? నేలకు ఇనుము తగలొద్దన్నడు. తెడ్డు ఇనుమా? నేను తవ్వలే. గీకిన. పుట్ట రాల్చిన మన్నే పైపైన గీకిన. గునపం పట్టలే, పార పట్టలే.”

“గా మాట ఇర్మా మామకు చెప్పకపోయినవ్?”

ఉప్పలమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. ముప్పై ఏళ్లు ఆ ఊరి పద్ధతులు ఇల్లిల్లూ తిరిగి నేర్చుకుని, నేర్చుకున్నవి ఊరి పిల్లలకే తిరిగి చెప్పిన మనిషి ఆమె. ఆ పద్ధతిలో ఒక సందు ఉందని తనకు తాను నచ్చజెప్పుకుని, ఆ సందులోంచి తట్టెడు మట్టి తెచ్చింది. తెచ్చేటప్పుడు అది తప్పు అనిపించలేదు. ఇర్మా తడిక అవతల ఆగిపోయినప్పుడు అనిపించింది.

“రెండు దినాలు జోగే జావ పంపింది,” అంది. “ముప్పై ఏండ్లల ఆమె ఇంటికి నేను పంపిన్నే గాని ఆమె తాన తీసుకోలే. మూడో దినం గూడ ముంత పట్టుకొని వస్తదని... సిగ్గైంది బిడ్డా. శాన సిగ్గైంది.”

సిగ్గు పడవలసింది అందులో ఏమీ లేదు. జోగే ఇష్టంగానే పంపింది. కానీ ఇవ్వడం అలవాటైన చేతికి తీసుకోవడం వచ్చేది కాదు.

“పొద్దుగాల అందరి ముంగట నువ్వు చెప్పకుంటివి,” అంది దుర్గమ్మ. “నన్నంటుంటే చూసుకుంట ఉంటివి.”

“ఉంటి.”

“ఇప్పుడేం చేస్తవ్?”

“ఆ గంపల చెయ్యి పెట్టి కలిపే తెలుగుదాన్ని ఈ ఊళ్లె నేనొక్కదాన్నే. కాపురానికొచ్చిన పన్నెండేండ్లకు పెట్టనిచ్చిన్రు. జోగే నా చెయ్యి పట్టుకొని గంపల పెట్టింది. ఆ నాటి సంది నన్ను ఎవరూ బయటిదన్నట్టు చూడలే.” ఉప్పలమ్మ తన అరచేతుల వైపు చూసుకుంది. “నా చెయ్యి ఒకసారి తీస్తే మళ్ల ఎవరు పెట్టనిస్తరు? నీకు ఒక్క ఏడు పోతది. చిన్నదానివి. నీకింకా శాన ఏండ్లున్నయ్.”

“చెప్తున్నవా అత్తా, బతిమాలుతున్నవా?”

“బతిమాలుతున్న.”

దుర్గమ్మకు కోపం వచ్చింది. అత్తను చూస్తే జాలీ వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే ఇంకా కోపం వచ్చింది. ఆ ఇంటికి వచ్చిన ఎనిమిది నెలల్లో అత్త ఆమెను ఏదైనా అడగడం ఇదే మొదటిసారి. ఎప్పుడూ చెప్పడమే.

ఇద్దరూ అలా కూర్చుని ఉండగానే జావ అడుగంటింది. ఆ రాత్రి నలుగురూ మాడు వాసన వేసే జావే తాగారు. బాగుందో లేదో ఎవరూ అనలేదు.

*

తెల్లవారేసరికి వంటింట్లో పొయ్యి లేదు.

కాశయ్య అందరికంటే ముందు లేచి, దాన్ని పగలగొట్టి తట్టకెత్తాడు. ఆ ఊపులో వెనక గోడకు జానెడు బొక్క కూడా పడింది. కోడిపెట్ట కాళ్లు కట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని, పదండని బయలుదేరాడు. గద్దె దాకా కోడలి బరువు ఆయన మోస్తున్నాడని ఉప్పలమ్మ అనుకుంది. దుర్గమ్మ కూడా అలాగే అనుకుంది. ఇంటి విత్తనాల మూట దుర్గమ్మ చంకలో ఉంది. దాని కొసన తన గింజలు విడిగా ముడి వేసుకుంది. దారి పొడుగునా అత్తాకోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

గద్దె దగ్గర ఊరంతా కూర్చుని ఉంది. వేటకు పోవాల్సినవాళ్లు విల్లంబులు పక్కన పెట్టుకుని ఒకవైపు కూర్చున్నారు. పొజ్జా కట్టుకట్టిన కాలు చాపి చెట్టు మొదట్లో ఆనుకున్నాడు. మధ్యలో పెద్ద వెదురు గంప ఖాళీగా ఉంది.

ఇర్మా గుంత పక్కన నిలబడ్డాడు.

“ఎవరు తవ్విన్రు?”

ఉప్పలమ్మ కోడలి వైపు చూసింది. కోడలు అత్త వైపు చూసింది. సీతారాములు నేల చూపులు చూస్తూ, “చెప్పు,” అని మెల్లగా పెళ్లాన్ని మోచేత్తో తాకాడు.

“నేనే,” అన్నాడు కాశయ్య.

రాత్రంతా ఆలోచించి ఆయన కనిపెట్టిన ఉపాయం అది. కోడలు తవ్విందనే ఆయన ఇప్పటికీ నమ్ముతున్నాడు. ఆ పిల్లకు చెక్క మీద ఆశ ఉంది. తను ఈ ఏడు గింజ ముట్టకపోతే మునిగేదేమీ లేదు, కొడుకు చల్లుతాడు. ఇంతా చేసి పొయ్యి పగలడానికి కారణం తానే. చెడినదాన్ని ఒక్క మాటతో బాగుచేసే అవకాశం వస్తే కాశయ్య వదులుకునే మనిషి కాదు.

ఇర్మా ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు.

“నువ్వేనా బావా?”

“నేనే అంటున్న గద.”

ఒప్పుకున్న మనిషి మాటను కాదనే హక్కు పెర్మకు లేదు. ఇర్మా పక్కకు జరిగాడు. కాశయ్య తట్టలోని మట్టిని గుంతలో పోసి అరచేతులతో అదిమాడు. కోడిపెట్టను అందించబోతే అది కట్టు తెంచుకుని జనం మధ్యలోంచి పరుగెత్తింది. దాన్ని పట్టడానికి నలుగురు వెంటపడ్డారు, కాశయ్య వాళ్లకు అడ్డంపడి బోర్లా పడ్డాడు. ఊరు ఊరంతా పడిపడి నవ్వింది. రెండు రోజులుగా ఆ ఊళ్లో ఎవరూ నవ్వలేదు.

“నేను అననే అంటి గద వదినా, అన్నే అని,” అని జోగే కళ్లు తుడుచుకుంది. నవ్వుతూనే ఉప్పలమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ ఇంటి మనిషిని నిన్నటి నుంచి ఆమె తాకడం అదే మొదలు. “రా. కూసో. మబ్బు చూడు ఎట్లున్నదో.”

ఉప్పలమ్మ లేవబోయి ఆగింది. మొగుడి వైపు చూసింది. ఆయన మోకాళ్ల మట్టి దులుపుకుంటూ, ఎట్లున్నది నా పని అన్నట్టు ఆమెకేసి తల ఎగరేశాడు. ఆమె కూర్చుంది.

ఒక్కో ఇంటి ఆడవాళ్లు వచ్చి గింజలు పోశారు. వడ్లు, కొర్రలు, సామలు, జొన్నలు. జోగే ఒకవైపు, ఉప్పలమ్మ ఒకవైపు గంపలో చేతులు పెట్టి కలిపారు. మొదట ఉప్పలమ్మ వేళ్లు మాత్రమే ముంచింది. నాలుగో ఇంటివాళ్లు పోసేసరికి మణికట్ల దాకా పెట్టింది. పొజ్జా పెళ్లాం పోసేసరికి మోచేతుల దాకా దింపింది. ఆమె ముఖం తేరుకుంది. చుట్టూ ఉన్నవాళ్లతో మాట్లాడడం కూడా మొదలుపెట్టింది.

“కాశయ్య ఇల్లు,” అని ఇర్మా పిలిచాడు.

దుర్గమ్మ లేచి వచ్చి గంప ముందు కూర్చుంది.

ఇంక చేయాల్సింది మూట విప్పడమే. గింజలు గంపలో పడితే సాయంత్రానికి కలిసి తిరిగి వస్తాయి. వేట పడి పండుం విప్పితే రేపో ఎల్లుండో చెక్కలో చల్లుకోవచ్చు. ఆమె నోరు విప్పకుండానే, ఎవరినీ ఏమీ అనకుండానే కావలసింది చేతికి వచ్చేసింది. అత్త చెయ్యీ గంపలో ఉంది, తన చెక్కా తనకు ఉంది. ఇద్దరికీ మధ్య గంప నిండా ఊరి గింజలు ఉన్నాయి. నడవలేని పొజ్జావి, అందరికంటే ముందు తెచ్చి పోసిన జోగేవి కూడా అందులోనే ఉన్నాయి. తల్లి ముందు ఇప్పుడు ఆడింది అబద్ధమనీ, తవ్వింది ఎవరో కూడా తెలిసినవాళ్లు ఈ ఇంత జనంలో ఇద్దరే.

“విప్పు బిడ్డా,” అంది జోగే. “వాన పడేటట్టున్నది.”

ఉప్పలమ్మ తల ఎత్తి కోడలిని చూసి నవ్వింది. భయం తీరిపోయిన మనిషి నవ్వు అది. దుర్గమ్మకు రాత్రి వేసిన జాలి ఆ నవ్వుతో పోయింది.

ఆమె ముడి మీద చెయ్యి వేసింది. విప్పలేదు.

“ఏంది పిల్లా?” అన్నాడు ఇర్మా.

“అత్తా,” అంది దుర్గమ్మ. గట్టిగా అనలేదు, కానీ అందరికీ వినపడింది. “నువ్వు గంపలకెల్లి చేతులు తియ్యి. అప్పుడు పోస్త.”

జోగే కలపడం ఆపి పక్కకు తిరిగి చూసింది. ఉప్పలమ్మ మోచేతుల దాకా గింజల్లో ఉంది. చేతులు ఇంకా తియ్యలేదు.